సిస్టర్‌గారు నా పేరెందుకు రాశారో

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న నేను షాపు తాళం తీస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. పక్కింటి సిస్టర్‌గారు పోయారని చెప్పాడు. నిద్రలోనే పోయినట్టున్నారనీ, పాలు పోసేవాడు పిలిచి పిలిచి మన గుమ్మంలోకి వస్తే తను వెళ్ళి చూశాననీ అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "మరి కుక్కనేటి సేద్దాం?" అని అడిగాడు.

నాకు కోపం వచ్చింది. మనిషి పోతే ముందు కుక్క సంగతా అనిపించింది. తీసిన తాళం మళ్ళీ వేసి, చేతిలో ఉన్న కాగితాల కట్టతోనే ఇంటికి బయల్దేరాను. సగం దారిలో తెలిసింది, నేను కూడా కుక్క గురించే ఆలోచిస్తూ నడుస్తున్నానని.

తర్వాత ఆవిణ్ణి తలుచుకోవడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఆవిడ గురించి నాకు తెలుసనుకున్నవాటిలో ఏది నిజమో ఆ రోజు నాకు తేలలేదు. "చాలా మంచి మనిషండి" అని కూర్చున్నాను. ఆ మాట ఎవరి గురించైనా అనొచ్చు. ఆవిడకి అంతకంటే కొంచెం ఎక్కువ బాకీ ఉన్నాననిపించి ఇది రాస్తున్నాను. రాసేసరికైనా నాకు కొంత అర్థమవుతుందేమోనని ఆశ.

అనకాపల్లిలో మా వీధివాళ్ళందరికీ ఆవిడ సిస్టర్‌గారే. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు మఠంలో ఉండే సిస్టరేమో అనుకుని దణ్ణం పెట్టేవారు. "నేను సూదుల సిస్టర్నమ్మా" అని నవ్వేవారు. ప్రార్థనకి మాత్రం లోటు చేసేవారు కాదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గంట కొట్టడానికి అరగంట ముందే చర్చికి బయల్దేరేవారు. పెళ్ళి చేసుకోలేదు. దగ్గరివాళ్ళంటే నర్సీపట్నంలో ఒక్క తమ్ముడు.

రిటైరై ఎన్నేళ్ళయినా ఆస్పత్రి అలవాట్లు పోలేదు. బయటినుంచి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం, వాచీ డయలు మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకోవడం, ఏది తెరిచినా దానిమీద తారీకు రాయడం. ఆవకాయ జాడీ మీద తారీకు ఉండేది, బెల్లం డబ్బా మీద ఉండేది, బిస్కెట్ల ప్యాకెట్ మీద కూడా ఉండేది. మనుషుల్ని మెచ్చుకోవడం కూడా ఆవిడ పద్ధతిలోనే. మేము పక్కింట్లో దిగిన కొత్తలో గిన్నెతో పులిహోర పట్టుకెళ్ళాను. గిన్నె అందుకుంటూ నా చేతికేసి చూసి, "మంచి నరం ఉందమ్మా నీకు. ఒక్క పోటుకే దొరుకుతాది" అన్నారు. సంతోషించాలో భయపడాలో తెలియక నిలబడిపోయాను.

ఆ గొంతు వినగానే నేను ఆవిణ్ణి గుర్తుపట్టాను. అదివరకు ఎక్కడ విన్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది ఎస్. రాయవరం అవతల చెరకు పండించే ఊరు. నాకు ఏడేళ్ళప్పుడు కుక్క పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. నాన్న నన్ను అనకాపల్లి తీసుకొచ్చి తెలిసినవాళ్ళింట్లో దిగాడు. రోజూ పొద్దున్నే భుజాన వేసుకుని ఆస్పత్రికి తెచ్చేవాడు. సూదుల గదిలో ఉండేది ఈవిడే. అప్పటికి సన్నగా, పొడుగ్గా, ముప్పై దాటి ఉంటారేమో.

మొదటి రోజు నా కాలు చూసి, కట్టు విప్పి, ఆవిడ అడిగిన మొదటి మాట, "కుక్క ఎలాగుంది?"

నాకు బాగా ఉక్రోషం వచ్చింది. కరిపించుకున్నది నేనైతే కుక్కని అడుగుతోందేమిటి అనుకున్నాను.

"ఇంకెక్కడి కుక్క సిస్టరమ్మా. ఆ సాయంత్రమే సంపేసేం" అన్నాడు నాన్న.

ఆవిడ విప్పిన కట్టు బుట్టలో పడేశారు. "కట్టేసి పది రోజులు చూడాల్సింది. అది బతికుంటే ఈ పిల్లకి ఇన్ని సూదులు అక్కర్లేకపోను. ఇప్పుడు పద్నాలుగూ పొడవాలి" అన్నారు.

"తెలీదమ్మా మాకు."

"ఎవరికీ తెలీదు. రోజూ వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్తాను" అని సూదిలోకి మందు ఎక్కించుకున్నారు. నావైపు తిరిగి, "సూదికేసి చూడకు. గోడమీద క్యాలెండర్ చూడు. పది లెక్కపెట్టు. ఏడు దాకా నొప్పి, ఆ తర్వాత మంట. పదికి నేను తీసేస్తాను" అన్నారు. ఆవిడ చెప్పినట్టే ఏడు దాకా నొప్పి, తర్వాత మంట. నొప్పి వస్తుందని ముందే చెప్పిన పెద్దమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మా ఇంట్లో అందరూ ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటుంది అనే అబద్ధమే చెప్పేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ కుక్క ఊరికే కరవలేదు. మా గడ్డివాము వెనక పిల్లల్ని పెట్టింది. నేను ఒక పిల్లని ఇంటికి తెచ్చుకుందామని కాలు పట్టుకుని లాగాను. అది కీచుమంది. తల్లి వచ్చి నా పిక్క పట్టుకుంది. ఇంట్లో అడిగితే, నా దారిన నేను పోతుంటే వెనకాలే వచ్చి కరిచిందన్నాను. ఆ మాట మీద కర్రలు తీసుకుని వెళ్ళారు. మా అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు విన్నాను.

తొమ్మిదో రోజు నాన్న టీ తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు సిస్టర్‌గారికి చెప్పేశాను. "నేనే పిల్లని లాగేను. నాన్నకి తెలీదు" అన్నాను. ఆవిడ దూదితో నా పొట్ట మీద రుద్దుతూనే ఉన్నారు. ఆపలేదు. కాసేపటికి, "ఇంక అయిదున్నాయి" అన్నారు. గౌను కిందకి దించి, తర్వాతివాళ్ళని పిలిచారు.

అంతే. అయిదు సూదులు మిగిలాయని చెప్పారో, నేనన్న మాటకి అదే జవాబో నాకు అర్థం కాలేదు. ఏడేళ్ళ బుర్రతో ఆలోచించి, ఇంకా అయిదు పొడిపించుకుంటే నా తప్పు తీరిపోతుందని అర్థం చేసుకున్నాను. పద్నాలుగో రోజున తీరిపోయినట్టేం అనిపించలేదు. ఆ తర్వాత ఎప్పుడూ కుక్క ఉన్న గేటు నేను తెరవలేదు.

పక్కింట్లో దిగిన వారం రోజులకి ధైర్యం చేసి, "నేను మీ పేషెంటునండి. చిన్నప్పుడు కుక్క కరిస్తే పద్నాలుగు సూదులూ మీరే పొడిచారు" అన్నాను. ఆవిడ నవ్వారు. "వేలమంది పొట్టలు చూసేనమ్మా. మొహాలు గుర్తుండవు." హమ్మయ్య అనుకున్నాను. లోపలెక్కడో కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ఆ ఊసు మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఈ పన్నెండేళ్ళలో ఆవిడ మా ఇంటిల్లిపాదికీ బీపీ చూశారు. మా అమ్మాయికి జ్వరమొస్తే పక్కన కూర్చున్నారు. నేను ఆవిడ పింఛను కాగితాలు నా షాపులో టైపు చేసి పెట్టాను. తాసిల్దారు ఆఫీసు దగ్గర నాకు జిరాక్సు, టైపింగు షాపు ఉంది. "కాగితాల మనిషి" అనేవారు నన్ను.

ఆవిడకి కుక్కలంటే భయమని వీధిలో అందరికీ తెలుసు. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. ఎదురుగా కుక్క కనిపిస్తే గొడుగు ముందుకి పెట్టి రోడ్డు దాటేసేవారు. అన్నేళ్ళు రోజూ కుక్క కాట్లకి కట్లు కట్టినవాళ్ళు అలాగే ఉంటారు కాబోలనుకునేవాళ్ళం.

అలాంటి మనిషి, రెండేళ్ళ కిందట ఒకరోజు, "రేపు షాపుకి సెలవు పెట్టగలవా అమ్మా? సబ్బవరం దాకా వెళ్ళాలి. ఒక ఫారం నింపాలి. నాకు చెయ్యి వణుకుతోంది" అన్నారు. పింఛను పనేననుకున్నాను. బస్సు దిగి ఆటో ఎక్కాం. ఆటో ఒక పెద్ద ఇనుప గేటు ముందు ఆగింది. లోపల రేకుల షెడ్లు. మొరుగుళ్ళు వినపడగానే గేటు దగ్గరే ఆగిపోయాను.

"కుక్కలా సిస్టర్‌గారూ?"

"కుక్కలే."

"ఎందుకండీ?"

"ఒకదాన్ని తీసుకెళ్దామని" అన్నారు, బజారులో బీరకాయలు తీసుకున్నంత మామూలుగా. గొడుగు మాత్రం రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

దెబ్బలు తగిలిన కుక్కల్నీ, ఎవరో వదిలేసిన కుక్కల్నీ తెచ్చి చూసుకునే చోటు అది. అక్కడ పనిచేసే అమ్మాయి ప్యాంటుకి మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, ముందు పిల్లల్ని చూపించింది. బుట్టలో నాలుగైదు ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి పడుకుని. వాటికేసి నేను చూడలేకపోయాను.

"పిల్లలొద్దమ్మా. నాకు డెబ్బై దాటేయి. అవి పెద్దయ్యేసరికి నేనుంటానో ఉండనో. పెద్దదాన్ని చూపించు" అన్నారు సిస్టర్‌గారు.

"పెద్దవాటిని ఎవరూ అడగరు మేడమ్" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, లోపల్నించి ఒకదాన్ని వదిలింది.

బెల్లం పాకం రంగు. నాలుగైదేళ్ళుంటాయన్నారు. మొహం చూస్తే కొంచెం జాతి కుక్కలా, కాళ్ళు చూస్తే అచ్చం మన వీధికుక్కలా ఉంది. ఒక చెవి నిలబడి, ఒకటి వాలి. ఎవరో పెంచుకుని ఇల్లు మారుతూ వదిలేశారట. బేకరీ ముందు బన్నులు తిని బతుకుతుంటే తెచ్చారు కనక బన్ను అని పేరు. ఏడాదిన్నరగా అక్కడే ఉంది. వచ్చినవాళ్ళందరి దగ్గరికీ తోక ఊపుకుంటూ పోతుంది కాబట్టే ఎవరూ తీసుకెళ్ళలేదట.

"కాపలాకి పనికిరాదు మేడమ్. దొంగ వచ్చినా చెయ్యి నాకుతుంది."

"మా ఇంట్లో దొంగకి పనికొచ్చేది ఏటీ లేదు" అన్నారు సిస్టర్‌గారు.

బన్ను వచ్చి ఆవిడ కాలికి ఒరిగి, బరువంతా వేసి నిలబడింది. సిస్టర్‌గారు కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారో, పది లెక్కపెడుతున్నారో తెలియదు. తర్వాత ఒక చెయ్యి గొడుగు మీంచి తీసి, కుక్క తల మీద, తల మీద కూడా కాదు, కొంచెం పైన గాలిలో పెట్టి ఉంచారు. కుక్కే తల పైకెత్తి ఆ చేతికి ఆనించింది.

ఆ తర్వాత అది గేటు దగ్గర ఉన్న నా దగ్గరికి వచ్చింది. "కదలకమ్మా. వాసన చూస్తాది, అంతే" అన్నారు ఆవిడ దూరం నుంచి. నిలబడ్డాను. అది నా పిక్కలు వాసన చూసి, తుమ్మి, వెళ్ళిపోయింది.

ఫారం నేనే నింపాను. పేరు, చిరునామా, ఇంటికి గేటు ఉందా, ఇంట్లో ఎంతమంది, కుక్కల డాక్టరు దగ్గర్లో ఉన్నాడా. రెండు పేజీలు. రెండో పేజీ సగంలో ఉండగా, "ఆటో పోతాదేమో చూసిరా అమ్మా. మిగతాది నేను రాసుకుంటాలే" అన్నారు. వెళ్ళాను. చెయ్యి వణుకుతుందన్న మనిషి తనే రాసుకుంటానంటే నాకు ఏ అనుమానమూ రాలేదు.

కుక్కని ఎందుకు తెచ్చుకున్నారని అడిగినవాళ్ళకి ఆవిడ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పారు. పాస్టరుగారితో తోడుకోసమన్నారు. తమ్ముడితో డాక్టరు రోజూ నడవమన్నాడన్నారు. పాలవాడితో అయితే "పాలు మిగిలిపోతున్నాయి" అన్నారు. నేనడిగితే "ఏమోనమ్మా, నాకూ తెలీదు. బుద్ధి పుట్టింది" అన్నారు. ఇన్నింటిలోకీ నిజమైన జవాబు అదేనని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అదీ చెప్పలేను.

మొదటి వారం ఆవిడ కుక్కకి చేతులకి గ్లవ్స్ వేసుకునే అన్నం పెట్టారు. పళ్ళెం కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని, తిన్నంతసేపూ చూసేవారు. స్నానం చేయించిన తారీకు, టీకా తారీకు గోడమీద క్యాలెండర్లో రాసుకున్నారు. బన్నుకి అవేం పట్టలేదు. ఒకరోజు మా డాబా మీద బట్టలు ఆరేస్తూ చూశాను. ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నారు, బన్ను తల ఒళ్ళో పెట్టుకుని. చేతులకి ఏమీ లేవు. దాని చెవి వెనక వేలితో నొక్కి నొక్కి చూస్తున్నారు. నన్ను చూసి, "దీని నాడి భలే కొట్టుకుంటోంది" అన్నారు, ఏదో దొరికినంత సంతోషంగా.

పేరు మారుద్దామని మా అమ్మాయి అంది. బన్ను అని పిలిస్తే వీధిలో పిల్లలు నవ్వుతున్నారు. సిస్టర్‌గారు ఒప్పుకోలేదు. "పెద్దయ్యాక వచ్చినవాళ్ళకి పేరు మార్చకూడదమ్మా. అప్పటిదాకా ఎవరో ఏదో అని పిలిచేరు కదా" అన్నారు.

ఆ కుక్క విచిత్రమేమిటంటే, దానికి వీధిలో అందరికంటే నేనంటేనే ఇష్టం. దూరంగా ఉండే కొద్దీ దగ్గరికి వచ్చేది. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చే వేళకి మా గేటు ముందు కూర్చుని ఉండేది. విసుక్కునేదాన్ని. "నిన్ను చూసి దానికి సంతోషం. నువ్వేటీ సెయ్యక్కర్లేదు, కాసేపు నిలబడు చాలు" అనేవారు సిస్టర్‌గారు గోడ అవతలి నుంచి. నిలబడేదాన్ని. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఆవిడ పోయిన రోజు ఇల్లంతా జనం. చర్చివాళ్ళు, పాత ఆస్పత్రివాళ్ళు, ఎవరెవరో. కుక్క ఏడుస్తుందని, అన్నం మానేస్తుందని, పెట్టె దగ్గర పడుకుంటుందని అందరూ ఎదురుచూశారు. నేను కూడా. బన్ను వచ్చినవాళ్ళందరి దగ్గరికీ తోక ఊపుకుంటూ వెళ్ళింది. ఏడుస్తున్నవాళ్ళ చేతులు నాకింది. పాటలు పాడుతుంటే మధ్యలో కూర్చుంది. పెట్టె లేపుతుంటే మోసేవాళ్ళ కాళ్ళ మధ్యకి ఉత్సాహంగా దూరింది. ఒకరు కసిరారు. నాకు దానిమీద చెప్పలేనంత కోపం వచ్చింది. రెండేళ్ళు అన్నం పెట్టిన మనిషి పోతే ఇదా అని. వెంటనే, దానికేం తెలుసని అనిపించింది. పోయిన రాత్రంతా ఆ గదిలో ఆవిడతో ఉన్నది అదొక్కటేనని గుర్తొచ్చి, దానికే అందరికంటే ఎక్కువ తెలుసేమో అని కూడా అనిపించింది. ఏది నిజమో ఇప్పటికీ తెలియదు.

భూస్థాపన అయి ఇంటికొచ్చాక తమ్ముడు తాళాలు వేస్తూ, "మా ఇంట్లో కుదరదమ్మా. మనవలు సిన్నోళ్ళు. వదిలేద్దాం, ఈదిలో ఎలాగో బతికేత్తాది" అన్నాడు. పాపం ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడు. మా ఆయన నాకేసి చూశాడు. నేను బన్ను మెడ పట్టీ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. మెడ పట్టీని తాకకుండా వంగి చదివి.

సబ్బవరంలో చూసిన అమ్మాయే ఎత్తింది. సిస్టర్‌గారు పోయారన్నాను. అయ్యో అంది. కుక్కని వెనక్కి తెస్తామన్నాను. మీ పేరేమిటని అడిగింది. చెప్పాను. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"మేడమ్, ఫారంలో రెండో పేరు మీదే ఉంది."

నేను నింపిన ఫారంలో నా పేరు లేదని చెప్పాను. ఒకసారి వచ్చి చూడండి అంది.

రెండు రోజులకి బన్నుని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాను. మా ఆయన ఎక్కించాడు; నేను ఈ చివర, అది ఆ చివర. షెల్టర్ గేటు దగ్గర దిగగానే అది తనని పెంచినవాళ్ళందరినీ పలకరించడానికి పరుగెత్తింది. ఆ అమ్మాయి ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి పేజీ నా అక్షరాలు. రెండో పేజీ కింద సిస్టర్‌గారి వణికిన అక్షరాలు. "దత్తత తీసుకున్నవారు చూసుకోలేని పరిస్థితి వస్తే బాధ్యత వహించేవారు" అన్నచోట నా పేరు, ఇంటిపేరుతో సహా, నా ఫోన్ నంబరు. "సంబంధం" అన్నచోట ఒక్క మాట.

పేషెంటు.

పక్కన, ఆవకాయ జాడీ మీద రాసినట్టే, తారీకు.

ఎంతసేపు ఆ మాటకేసి చూశానో. ఆవిడకి అన్నీ గుర్తున్నాయా? గడ్డివాము, కుక్కపిల్ల, తొమ్మిదో రోజు? గుర్తుంటే, ఇది నాకు వేసిన శిక్షా? లేకపోతే ఇన్నేళ్ళ తర్వాత ఇచ్చిన జవాబా? పక్కింట్లో దిగిన కొత్తలో మీ పేషెంటునని చెప్పింది నేనే కదా. సంబంధం అన్నచోట ఏం రాయాలో తోచక, పక్కింటామె అంటే బాగుండదని, నేను చెప్పిన మాటే రాసి ఉండొచ్చు. వేలమంది పొట్టలు చూసిన మనిషికి మేమందరం పేషెంట్లమే కదా. ఎటు తిప్పినా కుదిరినట్టే ఉంటుంది, కుదరదు.

"ఆవిడ ఇంకేమైనా అన్నారా?" అని అడిగాను.

"మీకు ఈ సంగతి తెలుసా అని ఆవిణ్ణి అడిగాను మేడమ్. అప్పుడు మీరు గేటు బయట భయపడుతూ నిలబడున్నారు కదా. నాకు వింతగా అనిపించింది. 'అడిగితే వద్దంటాది, అడక్కపోతే చూసుకుంటాది' అన్నారు."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. నొప్పి వస్తుందని ముందే చెప్పే మనిషి, ఎంతసేపో కూడా చెప్పే మనిషి, ఈ ఒక్కటీ చెప్పకుండా నామీద పెట్టేసి వెళ్ళిపోయారు. నా గురించి అంత నమ్మకంగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది.

"ఉంచేస్తారా మేడమ్? ఉంచితే మేం చూసుకుంటాం. కాకపోతే తిరిగొచ్చిన పెద్ద కుక్కని మళ్ళీ ఎవరూ తీసుకెళ్ళరు" అంది ఆ అమ్మాయి, ఉన్నమాట.

నేను జవాబు చెప్పేలోపు ఆటో అతను పిలిచాడు. "మేడమ్, ఇదేటి, ఇది ముందే ఎక్కేసింది."

బన్ను ఆటోలో, వచ్చేటప్పుడు నేను కూర్చున్న చివర కూర్చుని ఉంది. నేను తీసుకెళ్తానని ఆ అమ్మాయితో చెప్పిన గుర్తు లేదు. వద్దని చెప్పిన గుర్తూ లేదు. రెండో చివర ఎక్కి కూర్చున్నాను.

ఇంటి దగ్గర మా ఆయన గేటు తీసి, ఇద్దర్నీ చూసి, "ఏటయ్యింది?" అన్నాడు.

"తెలీదు."

"మరి ఉంటాదా ఇక్కడ?"

"ఉంటాది గావాల" అన్నాను.

అప్పటినుంచి అది మా ఇంట్లోనే ఉంటోంది. మా అమ్మాయి దానికి స్నానం చేయిస్తుంది. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే దానితో ఊసులు చెప్తాడు. అన్నం మాత్రం నేనే పెడుతున్నాను. పళ్ళెం కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తాను. మొన్న వేలికి దాని నాలుక తగిలింది. వెచ్చగా, గరుకుగా ఉంది. వెళ్ళి చెయ్యి కడుక్కుని, ఎందుకు కడుక్కున్నానా అని కుళాయి దగ్గర నిలబడిపోయాను.

ఆవిడని కృతజ్ఞతతో తలుచుకోవాలని కూర్చున్నాను. కృతజ్ఞత ఉంది. ఏడేళ్ళ పిల్ల చెప్పిన మాటని ఆవిడ నాన్నకి చెప్పలేదు, నన్ను తిట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు. ఆ రోజు ఏదో ఒకటి అని ఉంటే నేను ఇంత కాలం మోసేదాన్ని కాదేమో. అని ఉంటే ఆ మాటనే మోసేదాన్నేమో. అడగడానికి పన్నెండేళ్ళు గోడ పక్కనే ఉన్నారు. నేను అడగలేదు.

నిన్న ఆదివారం. చర్చి గంట వినిపించాక బన్ను తలుపు దగ్గర నిలబడింది. తాడు కట్టి బయల్దేరాను. ఎటు వెళ్ళాలో నాకు తెలియదు కాబట్టి అది లాగినవైపే నడిచాను. శారదా నది ఒడ్డుకి తీసుకెళ్ళింది. అక్కడికి సిస్టర్‌గారితో ఎప్పుడైనా వచ్చేదో, నిన్నే మొదటిసారో నాకు తెలియదు. అవతలి ఒడ్డున ఎవరో గేదెల్ని తోముతున్నారు. తాడు నా చేతిలోంచి జారిపోయింది. బన్ను నీళ్ళలోకి దిగి, పొట్ట తడిసేదాకా వెళ్ళి, ఆగింది. ఈదలేదు, నీళ్ళు తాగలేదు. ఊరికే నిలబడి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నిలబడిన చెవి వెనక నుంచి ఎండ ఎర్రగా కనిపిస్తోంది. తాడు నీళ్ళ మీద మెల్లగా కదులుతోంది. నన్ను రమ్మంటోందో, తనని పిలవమంటోందో తెలియలేదు. చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. తర్వాత నేను చెప్పులు విప్పి గట్టున పెట్టి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, నీళ్ళలో కాలు పెట్టాను. చల్లగా ఉన్నాయి. అది తోక ఊపింది. నీళ్ళు చిట్లి నా మొహం మీద పడ్డాయి.